నూట యేబది ఆటల పద్యానికి టీకా తాత్పర్యం

పక్క యూళ్ళ బడులు పట్టుగా పోరుచు
నూట ముప్పదేండ్లు నూట యేబ
దాటలాడిరనుచు దబ్బరా యందువే
లెక్క తప్పలేదు లెస్స జూడు

ప్రతిపదార్థం: పక్క యూళ్ళ బడులు = అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు ఈస్టన్‌లో 1826లో వెలసిన లాఫయెట్ కాలేజీయు, బెత్లెహేమ్‌లో 1865లో వెలసిన లీహై యూనివర్సిటీయు; పట్టుగా = పంతంతో; పోరుచు = కోలబంతిని చంకన ఇరికించుకొని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుచు; నూట ముప్పదేండ్లు = 1884 మొదలు 2014 దాకా; నూట యేబదాటలు = 150 మ్యాచులు (ఈ సంధికి రిఫరీ ఈల వేయవచ్చును); దబ్బర = అబద్ధం; లెస్స = బాగుగా.

తాత్పర్యం: ఈ రెండు జట్లు 130 ఏళ్ళలో 150 మార్లు తలపడ్డాయంటే నమ్మవేమి? కూడి చూసుకో అని భావం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇన్నిసార్లు తలపడ్డ జంట మరొకటి లేదు.

శంక: ఏడాదికి ఒక్క ఆటే కదా! మిగిలినవి ఎక్కడివి? కవి గణాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా మ్యాచులు లెక్కపెట్టలేదేమో?

సమాధానం: అది ఇప్పటి పద్ధతి. 1901 దాకా, 1896 తప్ప, ఏడాదికి రెండేసి ఆడేవారు. మొట్టమొదటి ఆటలోనే లాఫయెట్ లీహైకి సున్నా మిగిల్చి చితక్కొట్టింది. ఆ సున్నాను దిగమింగుకొని ఏడాది ఆగమంటే ఎవరాగుతారు? 1891లో రెండూ చాలక మూడాడారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1943లో, 1944లో మళ్ళీ రెండేసి. 1901 వరకు 35, ఆపైన 115. కవి నిర్దోషి.

ఇక 1896 సంగతి. ఆ ఏడు అసలు ఆటే లేదు. లాఫయెట్ వీరుడు జార్జ్ బార్‌క్లే డబ్బు పుచ్చుకొని బేస్‌బాల్ ఆడినవాడనీ, అతడు దిగితే తాము దిగమనీ లీహై వారు భీష్మించుకున్నారు. వీరు ఆడకపోతే మాత్రం ఏం పోయింది, లాఫయెట్ ఆ ఏడు ఒక్క ఆటా ఓడలేదు. నలిగే చెవులను కాచుకోవడానికి తలకు పట్టీలు బిగించుకొని దిగి, హెల్మెట్‌కు ఆద్యుడనిపించుకున్నవాడూ ఈ బార్‌క్లేయే. చెవులను కాచుకున్నాడు గాని పక్కూరి నోటినుంచి తప్పించుకోలేకపోయాడు.

విశేషం: వీరి పోరు మొదలయ్యేనాటికి కప్పులిచ్చే ఆచారం లేదు. గెలిచినవారు ఆడిన బంతినే ఎత్తుకుపోయి, దాని తోలు మీద రంగుతో స్కోరు రాసి దాచుకునేవారు. ఈ టీకాకారుడికి అదే నచ్చింది. వట్టి వెండి కప్పును చూస్తే ఎవరు ఎవర్ని ఎంత తన్నారో తెలియదు.

150వ ఆటకు సొంత మైదానాలు చాలక న్యూయార్క్ వెళ్ళారు. లాఫయెట్ 27–7తో గెలిచింది. ఆ ఆట జరిగిన యాంకీ స్టేడియం, డబ్బు పుచ్చుకొని బేస్‌బాల్ ఆడేవారి సొంతిల్లు. ఈసారి లీహై వారు అభ్యంతరం చెప్పలేదు.