పట్టీ మహాత్మ్యం

విమానం 35,000 అడుగుల ఎత్తున ఉన్నప్పుడు దాని తలుపు తెరవడం భీముడి తరం కూడా కాదు. లోపలి గాలి ఒత్తిడే దాన్ని అదిమిపెట్టి ఉంచుతుంది. మనుషులు జారిపడేది విమానం నేల మీద బుద్ధిగా నిలబడి ఉన్నప్పుడే. అందుకే కాబోలు, జాగ్రత్తలన్నీ గాల్లో ప్రయాణం గురించే చెబుతారు, కింద మాత్రం ఒక పట్టీతో సరిపెడతారు.

ఆ పట్టీ ఘనత కాస్త చెప్పుకోవాలి. ల్యాడర్ లేని వేళ తలుపు తెరిచి ఉంటే గుమ్మానికి అడ్డంగా తగిలించే నాడా అది. మనిషి బరువును ఆపడం దాని ఉద్యోగం కాదు, ‘అవతల ఏమీ లేదు సుమా’ అని గుర్తుచేయడం వరకే. సలహా ఇచ్చి పక్కకు తప్పుకునే పెద్దమనిషి బాపతు. పైగా తలుపు వేసే ముందు దాన్ని తీసేయాలి. అంటే అంచున నిలబడి, ఒక చేత్తో లోపలి పిడి పట్టుకుని, రెండో చేయి బయటికి చాచే ఆ కాస్త సమయంలో పట్టీవారు సెలవులో ఉంటారన్నమాట.

ఎ320 గుమ్మం నేలకు దాదాపు 11 అడుగులు, బోయింగ్ 777ది 15 అడుగుల పైమాటే. అంత ఎత్తున తాపీమేస్త్రీ నిలబడితే నడుముకు బెల్టేదని అడగాలంటుంది చట్టం. ఇక్కడ ఇస్త్రీ యూనిఫాం ఉందిగా, చాలు!

2018 అక్టోబరులో ముంబయిలో ఢిల్లీ వెళ్లాల్సిన ఎయిర్ ఇండియా 777 తలుపు మూస్తూ ఒక ఉద్యోగిని కింద పడ్డారు. 2024 మేలో జకార్తాలో ఒక గ్రౌండ్ ఉద్యోగి ఎ320 గుమ్మం దాటి అడుగేస్తే కింద మెట్టు లేదు. తోటివాళ్లు అప్పుడే ల్యాడర్ లాగేస్తున్నారు. ఆ వీడియో చూసి ‘కళ్లు పెట్టుకు నడవద్దూ’ అన్నవాళ్లకు కొదవలేదు. అదే ఏడాది డిసెంబరులో ఇంగ్లండులోని ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లోనూ ఇదే కథ. మెట్లు ముందు కదిలాయి, మనిషి తర్వాత పడ్డారు.

ముందు తలుపు మూయాలి, పైవాళ్లు సైగ చేయాలి, ఆ తర్వాతే ల్యాడర్ కదలాలి. ఇందులో రాకెట్ శాస్త్రమేమీ లేదు, మాన్యువళ్లలో రాసే ఉంది. లేనిదల్లా తీరిక. చౌక విమానం అరగంటలో జనాన్ని దించి, ఊడ్చి, మళ్లీ నింపుకుని ఎగరాలి. ఆలస్యమైతే ఏ నిమిషం ఎవరి ఖాతాలో పడాలో తేల్చడానికి అంతర్జాతీయ కోడ్ నంబర్లే ఉన్నాయి. తల పైకెత్తి చూసి అర నిమిషం ఆగినవాడికి మెడల్ ఇచ్చే కోడ్ మాత్రం ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.

అయినా పడ్డ మర్నాడు సర్క్యులర్ వస్తుంది: ‘సిబ్బంది మరింత అప్రమత్తంగా ఉండవలెను.’ దాని మీద సంతకం పెట్టే ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉన్నా, కిటికీకి ఇనుప గ్రిల్లుంటుంది.