గ్యాంగ్‌వే దిగితే పది నిమిషాల్లో దేశం

కరీబియన్ సముద్రంలో దీవుల్ని దేవుడు ఏ లెక్కన వెదజల్లాడో గానీ, క్రూజ్ జనం మాత్రం వాటిని రెండే జాతులుగా విడగొట్టారు. ఓడ దిగి నడిచి చూసెయ్యగలిగినవి ఒకటి, టాక్సీ మాట్లాడుకోవలసినవి రెండు. ఇంగ్లిషువాళ్లు ఏలారా, ఫ్రెంచివాళ్లు ఏలారా, కొండ మీద అగ్నిపర్వతం నిద్రలో ఉందా మెలకువగా ఉందా, ఊళ్లో జనం ఏం తిని బతుకుతారు అనే పాత ప్రశ్నలకి కాలం చెల్లింది. గ్యాంగ్‌వే కింద సున్నా రాయి పాతి అక్కణ్ణుంచి కొలుస్తారు. పది నిమిషాల నడకలో ఉంటే తప్పక చూడవలసిందే. ఇరవై నిమిషాలైతే ఎండని బట్టి. అరగంట దాటిందా, అలాంటిది ఆ దీవిలో లేనట్టే.

ఈ శాస్త్రం మనవాళ్లకీ బాగానే వంటబట్టింది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉద్యోగం, పిల్లలకి సెలవులు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, ఈ మూడూ కలిస్తే మయామీలో ఓడ ఎక్కడం ఖాయం. అప్పటిదాకా వేలకి వేలు డాలర్లు ఊదేసిన కుటుంబానికి దీవి కనబడగానే పొదుపు గుర్తొస్తుంది. ఓడవాడు అమ్మే టూరు మనిషికి ఇంతని చెప్పగానే పెద్దాయన దాన్ని రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "నడిచెళ్లేంత దూరంలో బొటానికల్ గార్డెన్ ఉందిట. ఫ్రీట." వృక్షశాస్త్రం మీద మన ప్రేమ అక్కడ మొదలవుతుంది.

సాయంత్రం వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి. కింద "డొమినికా డన్" అని ఒక ముక్క. మర్నాడు "సెయింట్ విన్సెంట్ డన్". బెజవాడ స్టేషన్‌లో రైలు ఆగిన పదిహేను నిమిషాల్లో ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని మళ్లీ ఎక్కినవాణ్ణి "బెజవాడ చూశావా?" అని అడిగితే సిగ్గుపడి లేదంటాడు. ఓడలో వెళ్లినవాడికి ఆ మొహమాటం లేదు. ఆయన దేశం మొత్తానికి రసీదు రాసిచ్చేస్తాడు.

అసలు ఓడ అక్కడ ఎందుకు ఆగిందో కూడా కాస్త చూడాలి. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని చేరవెయ్యడానికి వీల్లేదు, దారిలో పరాయి దేశపు రేవు తగలాలి. పెద్ద క్రూజ్ ఓడలు చాలావరకు బహామాస్, పనామా జెండాలు కట్టుకుని తిరిగేవే. నూట ముప్పై ఏళ్లు దాటిన ఆ చట్టం, ఫ్లారిడా పక్కనే ఉన్న బహామాస్ రాజధాని నసావు, రెండూ కలిసి ఎంతమందిని ఎక్స్‌ప్లోరర్లని చేశాయో! కొలంబస్‌ని రాణిగారు పంపితే, వీళ్లని ఓ సెక్షను పంపింది.

నసావులో నడిచి చూడవలసిన వాటిలో క్వీన్స్ స్టెయిర్‌కేస్ అగ్రగణ్యం. సున్నపురాతి కొండని నిలువునా తొలిచిన 65 మెట్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బానిసలు చేతి పనిముట్లతో కొట్టిన దారి అది. విక్టోరియా రాణి పేరు తరవాత తగిలించారు. కొట్టినవాళ్ల పేరు తగిలిద్దామని ఎవరికీ తోచినట్టు లేదు. మనవాళ్లు ముప్పయ్యో మెట్టు మీద ఆగి, ఆయాసపడి, "క్లీన్‌గా మెయింటెయిన్ చేస్తున్నారు" అని మెచ్చుకుంటారు. దిగేటప్పుడు స్టెప్ కౌంటర్ చూసుకుంటారు. మెట్ల చరిత్రలో మిగిలేది ఆ అంకె.

రేవు గేటు దాటగానే వజ్రాల కొట్లుంటాయి. ఇవి ఏ దీవిలోనైనా ఒకే వరసలో, ఒకే ఏసీ చలితో, ఒకే రకం నవ్వుతో ఎదురొస్తాయి. టాంజనైట్ అనే నీలిరంగు రాయిని కరీబియన్ జ్ఞాపికగా అమ్ముతారు. అది భూమ్మీద టాంజానియాలో ఒక్క చోటే తవ్వుతారు. దాని సంగతి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

తోటల దగ్గరికి వద్దాం, సరుకు అక్కడే ఉంది.

డొమినికా రాజధాని రోజో. ఓడ ఊరి నడిబొడ్డునే కట్టేస్తారు. నాలుగడుగులు వేస్తే ఓల్డ్ మార్కెట్. ఒకప్పుడు మనుషుల్ని వేలం వేసిన ఆ చోట ఇప్పుడు ఫ్రిజ్ మాగ్నెట్లు దొరుకుతాయి, బేరం కూడా ఆడొచ్చు. ఇంకో పది, పదిహేను నిమిషాలు నడిస్తే బొటానికల్ గార్డెన్. నలభై ఎకరాలు, పందొమ్మిదో శతాబ్దం చివరి నాటిది. అంత తోటలో జనం క్యూ కట్టి ఫొటో తీసుకునేది ఒక బస్సుకి! 1979 ఆగస్టు 29న డేవిడ్ తుపాను వచ్చినప్పుడు ఒక బావొబాబ్ చెట్టు కూలి, ఆగి ఉన్న ఖాళీ స్కూలు బస్సుని అప్పడం చేసింది. బస్సుని అలాగే ఉంచారు. చెట్టు చావలేదు, పడ్డచోటే మళ్లీ చిగిర్చింది. తుపాను మీద చెట్టు గెలిచిన కథ అది. ఫొటోలో మాత్రం పసుప్పచ్చ రేకు ముందు రెండు వేళ్లు చూపిస్తున్న బావమరిది ఉంటాడు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా కిలాలో ఇదే జాతి చెట్టు వందల ఏళ్లుగా ఏనుగులా నిలబడి ఉంది. దాని కింద ఏ బస్సూ పడలేదు కాబట్టి బావమరిది అటు ఎప్పుడూ వెళ్లలేదు.

ఇదే డొమినికాలో బాయిలింగ్ లేక్ ఉంది. అగ్నిపర్వతపు ఆవిరికి కుతకుత ఉడికే సరస్సు. దాని దగ్గరికి నడిచి వెళ్లాలంటే రానూ పోనూ ఆరు గంటల పైమాటే. దీవి ఆ కొస నుంచి ఈ కొసకి 185 కిలోమీటర్ల కాలిబాట వేసుకున్న దేశం అది. ఈ రెండూ మాత్రం "నడిచి చూడదగ్గవి" లిస్టులో ఉండవు. ఎందుకంటే వాటికి నిజంగానే నడవాలి.

ఇప్పుడు సెయింట్ విన్సెంట్. కింగ్స్‌టౌన్ రేవు నుంచి ఎండలో ఎగువకి నడిస్తే వచ్చే తోట పశ్చిమార్ధగోళంలోకెల్లా పాతదని పేరు. 1765లో మొదలుపెట్టారు. ఇరవై ఎకరాలు. మా బాబాయిగారి బృందం ఇక్కడికి వెళ్లొచ్చింది. ఆ యాత్రా విశేషాలు నేను ముక్క పొల్లుపోకుండా విన్నాను, వినక తప్పలేదు. గేటు దగ్గరే బాబాయిగారు పెదవి విరిచారట. "మామిడి, పనస, చింత. ఇవి చూడ్డానికా ఇంత దూరం వచ్చింది? మన దొడ్లో లేవూ?" పిన్ని మాత్రం ఒక చెట్టు దగ్గర ఆగిపోయి, "ఏవండీ, ఇది సీమపనస కాదూ? ఆకు చూడండి" అందట. "పద పద, ఓడ టైమవుతోంది" అని ఆయన సమాధానం. ఓడ కదలడానికి ఇంకా నాలుగు గంటలుంది.

పిన్ని ఆగిన చెట్టు మామూలు చెట్టు కాదు. అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చాక అక్కణ్ణుంచి వెస్టిండీస్‌కి చవక తిండి రావడం తగ్గింది. పైగా తుపాన్లు. చెరకు తోటల యజమానులకి బెంగ పట్టుకుంది: బానిసలకి ఖర్చు లేకుండా కడుపు నింపేదెలా? దానికి దొరికిన ఉపాయం తాహితీలో కాసే సీమపనస. కెప్టెన్ బ్లై బౌంటీ ఓడలో వెయ్యికి పైగా మొక్కలు ఎక్కించుకుని బయల్దేరితే, 1789 ఏప్రిల్‌లో నావికులు తిరగబడి ఆయన్ని చిన్న పడవలోకి నెట్టారు, మొక్కల్ని సముద్రంలోకి విసిరేశారు. ఆయన ఊరుకోలేదు. ప్రావిడెన్స్ అనే ఓడలో మళ్లీ తాహితీ వెళ్లి, 1793లో ఈ కింగ్స్‌టౌన్ తోటకే మొక్కలు తెచ్చి దింపాడు. ఆ మొక్కల సంతతి అని చూపించే చెట్టు ఇంకా ఉంది. ఎవరి కోసం తెచ్చారో ఆ బానిసలు చాలాకాలం దాన్ని నోట పెట్టలేదు. ఇవాళ కాల్చిన సీమపనస, వేయించిన చేప ఆ దేశపు జాతీయ వంటకం.

అంటే ఆ తోట విహారం కోసం పెట్టింది కాదు, సామ్రాజ్యపు గిడ్డంగి. మొక్కలు ఓడ దిగి, అక్కడ నిలదొక్కుకుని, తోటలకి పనికి వెళ్లేవి. మన దొడ్లో మామిడి కూడా అలాగే చేరింది. 1782లో ఇంగ్లిషువాళ్లు ఒక ఫ్రెంచి ఓడని పట్టుకుంటే అందులో మామిడి మొక్కలు దొరికాయి, జమైకాలో నాటారు. జమైకావాళ్లు నేటికీ ఒక రకాన్ని "నంబర్ ఎలెవెన్" అంటారు. ఓడలో దాని మీదున్న నంబరు అది. దొంగసొత్తుకి నంబరు, బానిసకి నంబరు, ఇప్పుడు ప్రయాణికుడి కార్డు మీద నంబరు. మూడింట్లో సంతోషంగా చూపించి స్కాన్ చేయించుకునేది చివరివాడొక్కడే.

బాబాయిగారు ఒక్క చెట్టు దగ్గర మాత్రం పరవశించిపోయారు. మానుకే పూలు పూసే నాగలింగం. "చూశావా, మన శివుడి పువ్వు! ఇక్కడిదాకా పాకింది మన సంస్కృతి!" అని వీడియో తీసి మా అందరికీ పంపారు. ఆ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. అది అటు నుంచి మన శివాలయాలకి వచ్చింది గానీ ఇటు నుంచి వెళ్లలేదు. చెట్టు ముందు పేరు పలక ఉండే ఉంటుంది. ఫొటోలో పలక మీద బాబాయిగారి భుజం పడింది.

మన సంస్కృతి అక్కడికి పాకిన మాట నిజమే, దారి మాత్రం వేరు. 1861 జూన్ 1న ట్రావంకోర్ అనే ఓడ మద్రాసు నుంచి రెండొందల యాభై మందికి పైగా కూలీల్ని తెచ్చి ఇదే సెయింట్ విన్సెంట్‌లో దింపింది. మద్రాసు ప్రెసిడెన్సీ కూలీలంటే అందులో మనవాళ్లు లేరని గట్టిగా చెప్పగల ధైర్యం నాకు లేదు. ఆ తారీకుని అక్కడివాళ్లు ఏటా గుర్తుచేసుకుంటారు. వాళ్లకి "ఆల్ ఎబోర్డ్" సాయంత్రం నాలుగున్నరకి కాదు, ఏళ్ల తరబడి ఒప్పందం. చాలామందికి తిరుగు ఓడే లేదు.

అదే దీవి మూలవాసుల మాటేమిటంటే, 1796లో ఇంగ్లిషువాళ్లు గరీఫునా జనాన్ని వేల సంఖ్యలో పట్టి ముందు ఒక ఎండిన లంకలో పడేశారు. ఎంతోమంది అక్కడే చచ్చిపోయారు. బతికినవాళ్లని 1797లో ఓడలెక్కించి హోండురస్ దగ్గర రోవటాన్ దీవిలో దింపేశారు. రోవటాన్ కూడా ఇవాళ పేరున్న క్రూజ్ రేవే. రెండు రేవుల మధ్య ఆ దారిలో మొదట వెళ్లినవాళ్ల టికెట్టు ఆల్ ఇన్‌క్లూజివ్, తిరుగు ప్రయాణం మినహా.

ఇక్కడ నా మీద ఒక అభ్యంతరం వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మని, స్ట్రోలర్‌లో పిల్లని వెంటేసుకుని ఆరు గంటల్లో అగ్నిపర్వతం ఎక్కమంటావా అని. అననండీ. తోటకే వెళ్లండి. ఓడవాడి బస్సెక్కి వాడి కమీషన్ కొట్టులో దిగేవాళ్ల కంటే, కాళ్లీడ్చుకుంటూ వెళ్లి రోడ్డు పక్కావిడ దగ్గర కొబ్బరిబోండాం కొన్నవాళ్లే నాకు నచ్చుతారు. ఆ డబ్బు కనీసం ఊళ్లోనే ఉంటుంది. నా పేచీ నడకతో కాదు, తిరిగొచ్చాక పెట్టే టిక్కుతో. సుమారు డెబ్భై వేల జనాభా ఉన్న డొమినికా లాంటి దేశంలోకి ఒకే పూట నాలుగు వేలమంది దిగి, పది నిమిషాల చుట్టుకొలతలో తిరిగి, పన్నెండో అంతస్తుకెక్కి, చేతిలో గ్లాసుతో కిందికి చూస్తూ రేవు మీద పరిగెత్తుకొస్తున్న ఆలస్యగాళ్లకి ఈలలు వేస్తారు. వాళ్లకి ఆ దేశంలో బాగా గుర్తుండే దృశ్యం అదే, అందులో పరిగెత్తేది తోటి ప్రయాణికుడు.

కంపెనీలు ఈ మనస్తత్వాన్ని మనకన్నా ముందే చదివాయి. నడవడమే కష్టమైతే తోటనే ఓడలోకి తెచ్చేద్దాం అనుకున్నాయి. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ ఓడలో సెంట్రల్ పార్క్ పేరుతో 12 వేలకు పైగా నిజం మొక్కలు నాటారు. తోట పక్కనే బార్. ఏ చెట్టూ ఎవరి కడుపు నింపడానికీ తేలేదు. పలకలు చదవక్కర్లేదు, గైడు వెంటపడడు.

ఆ తరవాత దీవే కొనెయ్యడం. బహామాస్‌లో జనం లేని లంకల్ని పెద్ద కంపెనీలన్నీ పంచుకున్నాయి. జనం ఉన్నచోట గోడకట్టి అద్దెకి తీసుకోవడం ఇంకో పద్ధతి. హైతీ ఉత్తర తీరంలో లబాడీ అనే కొసని ఒక కంపెనీ 1980ల నుంచి లీజుకి తీసుకుని కంచె వేసుకుంది. ఇసక, ఊయల, జిప్‌లైన్, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. కంచె అవతల దేశం మాత్రం దూరం. 2010 జనవరి 12న భూకంపం వచ్చి రాజధాని పోర్టో ప్రిన్స్ నేలమట్టమైతే, ఆ వారంలోనే లబాడీకి ఓడలు వచ్చి ఆగాయి. సాయం సరుకులు దింపారు, పక్కనే బార్బెక్యూ కూడా నడిచింది. ఈమధ్య గొడవల వల్ల అటు వెళ్లడం మానేశారు గానీ, అంతకు ముందే బాబాయిగారు అక్కడ ఈత కొట్టి వచ్చారు. ఆయన చూసిన ఎనిమిది దేశాల లిస్టులో హైతీ లేదు. లబాడీ అంటే ఓడవాడి సొంత బీచ్ అనుకున్నారట. అది హైతీయేనని మొన్న చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, ఫోన్ తీసి లిస్టు తెరిచారు.

"అయితే తొమ్మిది!" అన్నారు.