నేను రోజే థెసారస్‌ను

నన్ను చేతిలోకి తీసుకున్న చాలామంది డిక్షనరీ అనుకుంటారు. నేను డిక్షనరీని కాను. మాట తెలిసి అర్థం తెలియనివాళ్లు వెళ్లాల్సింది దాని దగ్గరికి. మనసులో అర్థం మెదులుతున్నా నోటికి మాట అందనివాళ్ల కోసం పుట్టినదాన్ని నేను.

నాకు జన్మనిచ్చిన పీటర్ మార్క్ రోజే 1779లో లండన్‌లో పుట్టారు. వృత్తిరీత్యా వైద్యులు. 1805లో మాంచెస్టర్‌లో వైద్యం చేస్తున్న రోజుల్లో తన రాతకోతలకు పనికొస్తుందని మాటలను భావాలవారీగా చేర్చి ఒక చిన్న జాబితా తయారు చేసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లు రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశారు. ఆ బాధ్యత దిగిపోయాక పాత జాబితాను బయటికి తీసి, పెంచి, 1852లో అచ్చు వేయించారు. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. మాటలను అక్షరక్రమంలో పేర్చడానికి ఆయన ఒప్పుకోలేదు. ప్రపంచంలోని భావాలన్నిటినీ ఆరు తరగతులుగా, వెయ్యి శీర్షికలుగా విభజించారు. మొదటి శీర్షిక ఉనికి, దాని పక్కనే లేమి. ఇలా వీలైనచోటల్లా ఎదురెదురు భావాలను పక్కపక్కన నిలబెట్టారు. వెతుక్కునేవాళ్ల కోసం చివర అకారాది సూచిక ఉంది. 1869లో ఆయన కన్నుమూశాక కొడుకు, ఆ తర్వాత మనవడు నన్ను పెంచుతూ వచ్చారు.

నా ముందుమాటలో ఆయన రాసిన ఒక అడుగు గమనిక తెలుగువాళ్లు తప్పక చదవాలి. అందులో అమరసింహుడి అమరకోశం ప్రస్తావన ఉంది. కోల్‌బ్రూక్ చేసిన దాని ఇంగ్లీషు అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన సంగతీ ఉంది. ఆ అమరిక ఆయనకు తృప్తినివ్వలేదు. కానీ మాటలను భావాలవారీగా కూర్చాలన్న ఆలోచన తనకంటే ఎంతో ముందు ఈ దేశంలో పుట్టిందని గుర్తించి రాశారు. అందుకే నాకు అమరకోశమంటే పెద్దలంటే ఉండే గౌరవం.

ఇక నా సంగతి. నేను ఆ వంశంలో చాలా తరాల తర్వాత వచ్చిన పాత ముద్రణ ప్రతిని. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచిన పుస్తకాల్లోంచి ఒక ఇంగ్లీషు లెక్చరర్ బేరమాడి నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. అలమరలో నాకు దొరికిన చోటు అమరకోశానికీ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహానికీ మధ్య. ఒకటి సంస్కృతానికి, ఒకటి అచ్చతెలుగుకు. రెండూ పర్యాయపదాలను వర్గాలుగా విడగొట్టి పద్యాల్లో పొదిగినవే, నోటికి వచ్చేలా రాసినవే. నన్ను ఎవరూ వల్లె వేయరు. నాతో పనిపడితే నా సూచికే దిక్కు.

ఆ సూచికలో విద్యార్థుల వేళ్లు ఎక్కువగా తగిలి మాసిపోయిన చోట 'నైస్' ఉంది. చూడటానికి చిన్న మాట. దాని ఎదురుగా ఒక్క శీర్షిక అంకె కాదు, వరసగా అంకెలున్నాయి. 394కు వెళితే నోటికి రుచించేది. 465లో సూక్ష్మమైన తేడాను పట్టుకోగలిగేది. 829లో మనసుకు హాయి కలిగించేది. 868లో ఒక పట్టాన దేనికీ తృప్తిపడని స్వభావం. ఇంతమంది చుట్టాలు దీనికి ఊరికే రాలేదు. లాటిన్‌లో దీని మూలం 'నెస్కియస్', అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో, సుమారు 1300 ప్రాంతంలో, నైస్ అంటే తెలివితక్కువ అనే. తర్వాత బిడియం, సున్నితత్వం, పట్టింపు, ఖచ్చితత్వం అన్నీ దానికి అంటుకున్నాయి. 'బాగుంది' అన్న అర్థం స్థిరపడింది పద్దెనిమిదో శతాబ్దంలోనే. ఆ వాడుక ఎంత ముదిరిందో 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ అబీ' చూస్తే తెలుస్తుంది. తనకు నచ్చినదాన్ని నైస్ అన్న కథానాయికను హెన్రీ టిల్నీ అందులో ఆటపట్టిస్తాడు.

ఇది విని ఆశ్చర్యపోయేవాళ్లు 'ముగ్ధ'ను గుర్తు చేసుకోవాలి. సంస్కృతంలో ఆ మాట మోహంలో పడి ఏమీ తోచనివారికీ, మూఢులకూ చెల్లింది. అమాయకత్వం మీదుగా అందానికి వచ్చింది. ఇప్పుడు ముగ్ధమనోహరం అంటే ఎవరూ నొచ్చుకోరు.

తెలుగువాళ్ల నోట్లో పడ్డాక నైస్ ఇంకో రెండు దారులు తొక్కింది. పిండిమరలో "నైస్‌గా పట్టండి" అంటే మెత్తగా అని. "నైస్‌గా తప్పించుకున్నాడు" అంటే ఎదుటివాడికి తెలియకుండా జారుకున్నాడని. ఈ రెండో అర్థానికి నా సూచికలో అంకె లేదు. ఉండాలని నా కోరిక.

ఒక సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే అమ్మాయి నాయనమ్మ మీద వ్యాసం రాసుకొచ్చింది. ప్రతి వాక్యంలోనూ నైస్. మార్చమని సార్ నన్ను చేతికిచ్చారు. ఆ పిల్ల సూచిక చూసి, పేజీలు తిప్పి, ఒకచోట డెయింటీ, ఇంకోచోట ఫాస్టిడియస్ రాసింది. సార్ పెన్సిలు రెండో మాట దగ్గర ఆగింది.

"మీ నాయనమ్మ ప్రతిదానికీ వంకలు పెడుతుందామ్మా?"

"లేదు సార్! ఎవరొచ్చినా అన్నం పెట్టందే పంపదు. కూర లేకుంటే అప్పటికప్పుడు పచ్చిపులుసైనా కలుపుతది."

"ఈ మాట అర్థం వంకలు పెట్టే మనిషని. నువ్వు ఇప్పుడు చెప్పిందే ఇంగ్లీషులో రాయి. నైస్ అక్కర్లేదు."

ఆ పిల్ల రెండు మాటలూ కొట్టేసి, పచ్చిపులుసు సంగతి రాసింది. వ్యాసంలో నాయనమ్మ కనిపించింది అప్పుడే.

ఆ పిల్లది తప్పని నేను అనను. నేను మాటలను దగ్గర దగ్గరగా కూర్చోబెడతాను గానీ ఏది ఎక్కడ వాడాలో చెప్పను. 868లో నైస్, ఫాస్టిడియస్ ఒకే వరసలో ఉన్నాయంటే అవి పట్టింపు అనే ఒక్క భావం దగ్గర కలిశాయని అర్థం. ఆ గడప దాటితే వేటి దారి వాటిది. తెలుగులో మాత్రం వేరేగా ఉందా? వాన, వర్షం ఒకటే అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. అయినా 'వానలు పడితేనే విత్తనాలు' అనే రైతు మాటలో వర్షం పెడితే ఆ రైతు గొంతు మారిపోతుంది. ఈ తేడా తెలియాలంటే వినాలి, చదవాలి. నేనొక్కదాన్నే చాలను.

ఇప్పుడు ఫోన్‌లో ఒక మాట మీద వేలు పెడితే పది పర్యాయపదాలు రాలిపడుతున్నాయి. నాకు దానితో పేచీ లేదు. అయితే అందులో కనిపించేది మాటల వరస ఒక్కటే. ఆ మాటలన్నీ ఏ భావం కింద చేరాయో, దానికి ఎదురుగా ఏముందో సాధారణంగా కనిపించదు. రోజే గారు ఇంచుమించు యాభై ఏళ్లు దాచుకుని తీర్చిదిద్దింది సరిగ్గా ఆ అమరికనే.

కాబట్టి పిల్లలకూ, వాళ్లకు చెప్పే మాస్టార్లకూ నాదొక్క విన్నపం. నాలో దొరికిన కొత్త మాటను వెంటనే వ్యాసంలోకి ఎక్కించకండి. పక్కనే డిక్షనరీ తెరిచి అర్థం చూడండి, ఆ మాట ఉన్న రెండు మూడు మంచి వాక్యాలు చదవండి. అప్పటికీ మీరు అనుకున్నదానికి అది సరిపోకపోతే నైస్‌నే ఉంచండి.