బేతాళుడికో మేకు

మా ఇంటి ఓనరుకి గోడలంటే ప్రాణం. పది నెలల అడ్వాన్సు లెక్కపెట్టుకుని, తాళంచెవి ఇస్తూ "ఆణి మట్టుం అడిక్కాదీంగ సార్" (మేకు మాత్రం కొట్టకండి) అన్నారు. నీళ్లు రాలేదంటే రెండు రోజులు పలకని మనిషి, సుత్తి చప్పుడైతే చెప్పులైనా వేసుకోకుండా మేడ దిగొస్తారు. పోనీ అదేమైనా అజంతా గోడా? చెయ్యి ఆనిస్తే డిస్టెంపరు చొక్కాకంటుకుంటుంది.

నాకున్నవి రెండే బొమ్మలు, పాత చందమామల్లోంచి తీసి ఫ్రేము కట్టించినవి. ఒకటి వడ్డాది పాపయ్య (వపా) గారి అట్ట. రెండోది శంకర్ గారి విక్రమార్కుడు: చేతిలో కత్తి, భుజాన శవం.

మేకు వద్దన్నారని అంటించే హుక్కు కొన్నాను. అయిదు కిలోలు మోస్తుందని పాకెట్ మీద రాసుంది. ఏ ఊళ్లో తూచారో గానీ మద్రాసులో మాత్రం కాదు. ఇక్కడ మేలో గోడకీ చెమటే, హుక్కుకీ చెమటే. అర్ధరాత్రి ఢబ్బుమంది. మా ఆవిడ దొంగంది, నేను బేతాళుడన్నాను. నేనే గెలిచాను. మర్నాడు గోడ తుడిచి మళ్లీ పెట్టాను. కథలో రాజు నోరు విప్పితే శవం ఎగిరి చెట్టెక్కుతుంది. మా ఇంట్లో నేను "హమ్మయ్య" అంటే చాలు, దిగి సోఫా వెనక్కి పోతుంది. రెండువైపులా అంటుకునే టేపు వేశాను. బొమ్మ పడింది, టేపు ఉండిపోయింది. దాన్ని పీకితే అరచెయ్యంత పెచ్చు ఊడొచ్చింది. ఆ పెచ్చు కనపడకుండా కేలెండరు పెడదామంటే, దానికీ మేకు కావాలి! చివరికి కర్టెన్ రాడ్డుకి తాడు కట్టి వేలాడదీశాను. ఎండకి కర్టెన్ వేస్తే రాజు మాయం, తీస్తే ఎదురింటావిడ ప్రత్యక్షం.

ఇదంతా ఎక్కడో కాదు, వడపళనిలో. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ ఏళ్ల తరబడి వెలువడిన పేట. వపా గారిది శ్రీకాకుళం. శంకర్ గారు తమిళులు, 1951లో చేరి దశాబ్దాల పాటు తెలుగు పిల్లలకి రాజుల్నీ రాక్షసుల్నీ గీసిపెట్టారు. పత్రిక ఆగిపోయింది. శంకర్ గారు 2020లో పోయారు. బేతాళుడికి అప్పట్లో చెట్టుండేది, రాజు భుజముండేది. ఇప్పుడు సొంత పేటలో అంగుళం మేకు లేదు.

ఇంత యాతన బొమ్మ కోసమేనా అంటే, పూర్తిగా కాదు. చిన్నప్పుడు కరెంటు పోతే నాన్న లాంతరు పక్కన కూర్చుని బేతాళ కథ చదివేవారు. ప్రశ్న దగ్గర ఆపేసి, జవాబు మమ్మల్ని చెప్పమనేవారు. ఆ ఆపడం కోసమే ఈ బొమ్మ చూస్తాను. మొన్న ఫోన్లో అన్నయ్యతో ఈ మాటే అంటే, "నాన్నకి నైట్ డ్యూటీలు కదరా, చదివింది అమ్మ" అన్నాడు.

అన్నయ్య జ్ఞాపకశక్తి మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు. అడిగి తేల్చుకుందామంటే ఇద్దరూ లేరు. కానీ వాడన్నదే నిజమైతే, ఇన్నేళ్లూ అమ్మ చదివిన కథలకి నాన్నకి దండం పెడుతూ వచ్చాను.