ఊరేదైనా పెట్టె ఒకటే: శుద్ధజల పంపిణీదారులకు బహిరంగ లేఖ

నీటిశుద్ధి యంత్రాల పంపిణీని శాసించే ఏలినవారి సముఖానికి,

ఏ ఊరి నీటిలో ఏమున్నదో అడిగి ఎవరినీ శ్రమపెట్టకుండా, అన్ని ఊళ్లకూ ఒకే కొలతలో, ఒకే రంగులో చేతబట్టుకుపోగల శుద్ధిపెట్టెలు పంచిపెట్టాలని ఏలినవారు సంకల్పించడం సమదృష్టికి పరాకాష్ఠ అని ప్రజలు గ్రహించారు. అయితే నీటికి ఇంకా ఆ సమదృష్టి అలవడలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు తాగునీటికి వచ్చిన ముప్పు మురుగుది, దానితో కలిసివచ్చే క్రిములది. అటువంటి చోట క్లోరిన్ బిళ్ల, అంటే నీటిలో కరిగి క్రిములను చంపే క్లోరిన్‌ను విడుదల చేసే మాత్ర, జేబులో ఇమిడే శుద్ధియంత్రమే అవుతుంది. కాకపోతే బురదనీటిలో వేసిన క్లోరిన్ అందులోని సేంద్రియ పదార్థంతోనే ఖర్చయిపోయి క్రిముల దాకా చేరదు గనుక, ముందుగా నీటిని తేర్చి వడగట్టుకోవాలి.

అదే బిళ్లను నల్లగొండ జిల్లాలోని పాత బోరింగు నీటిలో వేస్తే ఫలితం శూన్యం. అక్కడి దోషం ఫ్లోరైడు, అనగా రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భజలంలోకి కరిగివచ్చే లవణం. అది ఏళ్ల తరబడి ఒంట్లో చేరి పళ్లను గారపట్టించి, ఎముకలను వంచే జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు కాబట్టి, ఏలినవారికి సమాచారం ఆలస్యంగా అందిందని చెప్పడానికి వీలులేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తుండగా, క్యాండిల్ ఫిల్టరు ఈ ఫ్లోరైడును ఆపదు, కాచడమైతే నీటిని ఆవిరిచేసి మిగిలినదానిలో దాని గాఢతను పెంచుతుంది.

దీనికి విరుగుడుగా నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. బకెట్టు నీటిలో తగినంత సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెట్టి, గంటసేపు కదపకుండా ఉంచితే, పటిక నుంచి ఏర్పడే తెట్టెలు ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. అడుగుకు కాస్త ఎత్తున బిగించిన కుళాయి నుంచి తేటను పట్టుకోవాలి. కరెంటు అక్కరలేని ఈ విధానాన్ని ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా వంటి దేశాలు కూడా ప్రయత్నించాయి. దోషం లేనిది కాదు: పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది, తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది, అడుగున పేరుకున్న మడ్డిని పారబోయడానికి చోటు చూడాలి. అంటే పరీక్ష లేనిదే బకెట్టు కూడా పనికిరాదు.

ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును తీసివేస్తుంది, నిజమే. అయితే విద్యుత్తు కోరుతుంది, కొంత నీటిని తిరస్కరిస్తుంది, ఆ తిరస్కృత జలంలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉండి మళ్లీ నేలలోకే ఇంకుతుంది (ఈ మాట ప్రారంభోత్సవ ప్రసంగాల్లో చోటుచేసుకున్న దాఖలా అరుదు). ఫ్లోరైడును పీల్చుకునే అల్యూమినా గుళికలతో చేసిన ఫిల్టర్లు తేలికైనవే గాని, గుళికల శక్తి ఉడిగిన రోజున నీటి రంగు మారదు, రుచి మారదు, పెట్టె మోగదు. తాగేవారికి తెలియజెప్పేది నీటి పరీక్ష ఒక్కటే.

కనుక ఏలినవారు పెట్టెకు ముందు పరీక్షను పంపవలెననీ, గుళికల మార్పిడికి వచ్చే అయిదేళ్ల పద్దును ఈ ఏడే కేటాయించవలెననీ, శిలాఫలకంపై ప్రారంభించినవారి పేరుతోపాటు గుళికలు మార్చవలసిన తేదీని, మార్చవలసిన ఉద్యోగి హోదాను కూడా చెక్కించవలెననీ ప్రార్థన.

చిత్తగించవలెను.

ఇట్లు,
బిందెలతో బారులో నిలిచినవారు