మాచవరం ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

మూలం:

“ప్రపంచశాంతి మరియు పర్యావరణ పరిరక్షణ సంకల్పముతో నాలుగు దేశములలో సాహసోపేత సైకిల్ దిగ్విజయ యాత్ర గావించి స్వగ్రామమునకు విచ్చేయుచున్న మాచవరం ముద్దుబిడ్డలకును, వారి వెన్నుదన్ను మన ప్రియతమ నాయకునకును స్వాగతం! సుస్వాగతం!!”

అవతారిక:

ఇది గద్యం. పాదాలు లేవు, అడుగులు మాత్రం ఉన్నాయి: వెడల్పు ఇరవై, ఎత్తు పది. యతిస్థానాల్లో మేకులు, ప్రాసస్థానాల్లో కొబ్బరితాళ్లు. కవి ఎవరో తెలియదు. లేఖకుడు పిడుగురాళ్లలో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు. ఊళ్ల పేర్లూ దూరాలూ రాసి ఉన్న రోడ్డు బోర్డుకి అడ్డంగా కట్టారు గనక, ఆ బోర్డుకి ఇది ప్రక్షిప్తం. మోర్జంపాడు ఎటుపోవాలని అడిగే లారీ డ్రైవర్లకి అది కట్టిననాటినుంచీ టీకొట్టాయనే మూలపాఠం వినిపిస్తున్నాడు.

మెదక్ సీమలో కొలిచెలమ ఊరివాడు మల్లినాథసూరి. కాళిదాసుకి వ్యాఖ్య రాయబోతూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో సరుకుంది గనక ఆ ఒట్టు చెల్లింది. అదే నియమం ఇక్కడ పాటిస్తే టీక ఈ వాక్యంతో ముగిసిపోవాలి. కనుక ఆ మహానుభావుడికి దండం పెట్టి, రెండు నియమాలనీ పక్కన పెడుతున్నాను.

“ప్రపంచశాంతి మరియు పర్యావరణ పరిరక్షణ”: స్పష్టం. వ్యాఖ్యాత ‘స్పష్టం’ అన్నచోట నిజంగా స్పష్టమైనా అయ్యుండాలి, ఆయనకీ తెలియకపోయినా ఉండాలి. ఇక్కడ రెండోది.

“సంకల్పముతో”: క్రతువుకి ముందు చెప్పుకునేది సంకల్పం. ఎక్కడ కూర్చున్నాం, ఏ నదికి ఏ వైపున, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఎవరి కొడుకుని, ఇప్పుడేం చేయబోతున్నానని చిరునామాతో సహా విప్పి చెప్పాలి. ఈ ఫ్లెక్సీలో తిథి లేదు, నది లేదు, గోత్రం మాట అటుంచి యాత్ర చేసిన నలుగురి పేర్లే లేవు. పైగా క్రతువు పూర్తయ్యాక, స్వాగతం రోజున, ప్రింటింగుకి ఇచ్చేటప్పుడు పుట్టిన సంకల్పమిది. ఫలం చేతికొచ్చాక కోరిక కోరుకునే పద్ధతి ఏ మీమాంసకుడికీ తట్టలేదు.

నలుగురిలో ఒకడు మాకు వరసకి అబ్బాయి అవుతాడు. అడిగాను.

“శాంతి సంగతి నాకు తెలవదు బాబాయ్. మిరపకాయలకి కాస్త రేటొచ్చింది. గేర్ల సైకిళ్లు కొన్నాం. ఎటన్నా పోదామనుకున్నాం, పోయాం.”

‘పోదామనుకున్నాం, పోయాం.’ సూత్రమంటే ఇలా ఉండాలి. దీన్నే ఫ్లెక్సీ మీద వేయించి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాదు.

“నాలుగు దేశములలో”: ఏవి నాలుగు? ఇక్కడ వ్యాఖ్యాతల్లో భేదముంది. మా మండలం కృష్ణ ఒడ్డున ఉంది. 2014 జూన్ 2 నుంచి అవతలి గట్టు తెలంగాణ గనక అదీ ఒక దేశమేనని టీకొట్టు దగ్గర ఒకాయన వాదం. రాష్ట్రాన్ని దేశమనడం సాహసం గనక ఆ పాఠం త్యాజ్యం.

మొదటిది భారతదేశం. వాళ్లు బయలుదేరక ముందునుంచీ అందులోనే ఉన్నారు. ఏరు దాటిన పదిమంది గట్టెక్కి లెక్కపెట్టుకుంటే తొమ్మిదిమందే తేలారనీ, లెక్కపెట్టే ప్రతివాడూ తన్ను తాను మరిచిపోయాడనీ వేదాంతులు చెప్పే కథ ఉంది. మా ఫ్లెక్సీకవి ఆ దశ దాటినవాడు. ముందు తన్నే లెక్కేసుకున్నాడు.

రెండోది నేపాల్. మూడోది భూటాన్. నాలుగోది బంగ్లాదేశ్, దర్శనమాత్రంగా. దీని రహస్యం భూగోళంలో ఉంది. పశ్చిమబెంగాల్లో సిలిగురి దగ్గర మన దేశం నడుము సన్నబడి సుమారు 20 కిలోమీటర్లు మిగులుతుంది. అక్కడినుంచి పానీటంకీ పోయి మేచీ వంతెన దాటితే అవతల నేపాల్లో కాకర్‌భిట్టా. మనవాళ్లకి వీసా అక్కర్లేదు. ఇంకోవైపు ఫుల్‌బారీ పోతే గేటవతల బంగ్లాదేశ్. దానికి వీసా కావాలి. వీళ్ల దగ్గర లేదు. గేటు దగ్గర నిలబడి అటు చూసి, టీ తాగి, వెనక్కి తిరిగారు. చూసిన దేశాన్ని వెళ్లిన దేశంగా చెప్పడం లక్షణ అనే శబ్దవృత్తి కిందికి వస్తుందేమోనని ఆలోచించాను. లక్షణకి కూడా ఏదో ఒక సంబంధం ఉండాలి. టీ మన గట్టునే తాగారు గనక ఆ సంబంధమూ కుదరలేదు.

మరి మాచవరం నుంచి సిలిగురి దాకా? రైల్లో. సైకిళ్లని గోనెపట్టాల్లో చుట్టి లగేజీ బోగీలో వేశారు. కాబట్టి ‘సైకిల్ యాత్ర’ అన్న సమాసానికి రెండు విగ్రహవాక్యాలు చెప్పుకోవాలి. లగేజీ బోగీలో సాగిన భాగానికి ‘సైకిలు యొక్క యాత్ర’ అని షష్ఠీతత్పురుష. సిలిగురిలో దిగి గాలి కొట్టుకున్నాక ‘సైకిలుతో యాత్ర’ అని తృతీయ.

నవ్వేవాళ్లు ఇక్కడ ఆగాలి. ఆ తృతీయావిభక్తి చిన్నదేం కాదు. కాకర్‌భిట్టా నుంచి మహేంద్ర రాజమార్గం మీద ఇటహరి దాకా తొక్కి వెనక్కొచ్చారు. తీస్తా దాటి, తేయాకు తోటల పక్కనుంచి సుమారు 150 కిలోమీటర్లు తొక్కి జైగావ్ చేరి, గేటు దాటి ఫుంట్‌షోలింగ్‌లో అడుగుపెట్టారు. ఇంకా లోపలికి పోవాలంటే పర్మిట్టు, పైగా రాత్రికి మనిషికి 1200 రూపాయల రుసుము. మిర్చి డబ్బులు అంతదాకా రాలేదు. నేపాల్లో మన నూరు వాళ్ల నూట అరవై అని, పప్పన్నం అడిగినంత మళ్లీ మళ్లీ వడ్డించారని, కారమే చాల్లేదని, వెంట తీసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసా మూడోనాటికి ఖాళీ అయిందని మావాడు చెబుతుంటే టీకొట్టంతా చెవులొగ్గింది.

అక్కడి గడియారం మనకంటే పావుగంట ముందు. “సెల్లు తనంతట తనే టైము మార్చుకుంది బాబాయ్, నా చేతివాచీ మార్చుకోలా. సాయంత్రందాకా పావుగంట తేడాతో రెండు దేశాల్లో ఉన్నా” అన్నాడు. ఇరవై అడుగుల ఫ్లెక్సీలో ఈ పావుగంటకి చోటు దొరకలేదు.

“సాహసోపేత”: సాహసముతో కూడినది. ఈ మాట చదివినప్పుడే నాకు మొదట ఒళ్లు మండింది. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు. బట్టీలో పని దిగి, రాత్రిపూట, వెనక అద్దపుబిళ్ల కూడా లేని సైకిలు మీద ఇంటికొచ్చే కూలీది ఏం ఉపేతం? ఆయన కుడిపక్క సున్నం లారీ, ఎడమపక్క గుంట. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా లారీకి చోటు పెరిగింది, సైకిలుకున్న మట్టి అంచు కూడా పోయింది. బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు, మంచిదే. ఆ సైకిలు పోవడానికి మూరెడు దారి ఇవ్వడం ఎవరి పథకంలోనూ లేదు.

భారవి కావ్యానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. గంటలు కట్టిన ఏనుగులు బారుగా సాగిపోయేంత విశాలమైన రాజవీథి అని. భారవి మాట నారికేళపాకం, పెంకు పగిలితేగాని నీళ్లు దొరకవు. ఆ బిగువులో పాఠకుడికి నడిచే దారి వేస్తున్నాను అని పేరులోనే చెప్పుకున్నాడు. దారి వేసేవాడు ఎవరికోసం వేస్తున్నాడో తెలిసి వేసిన సందర్భం అది. మాచవరం రోడ్డు మీద గంట ఉన్న వాహనం సైకిలొక్కటే. దాని గంట లారీవాడికి వినపడదు, వినపడినా పక్కకి జరగడు. ఏనుగులకి ఉన్న ఘంటాపథం పిల్లలకి లేదు. ఈ ఆక్షేపణకి సమాధానం చెప్పే సిద్ధాంతి కోసం ఎదురుచూస్తున్నాను.

“దిగ్విజయ యాత్ర”: రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు చేసినది దిగ్విజయం. శరదృతువు రాగానే తూర్పుకి కదిలి, వంగ కళింగాలు దాటి, దక్షిణాన పాండ్యుల్ని చూసి, పడమట తిరిగి, ఆపైన పారసీకుల మీదికి నేలదారినే పోయాడు. నేలదారే ఎందుకు? సముద్రయానం నిషిద్ధం గనక అన్నాడు మల్లినాథుడు. యుద్ధానికి పోయే రాజు కూడా ఆచారం తప్పలేదని వ్యాఖ్యాత తృప్తి.

ఈ ‘పారసీకుల మీదికి నేలదారి’ అన్నచోట నాకెప్పుడూ బొంబాయి గుర్తొస్తుంది. 1923 అక్టోబరు 15న ఆరుగురు పారసీ కుర్రాళ్లు, కసరత్తు చేసే క్లబ్బులో స్నేహితులు, సైకిళ్లెక్కి తమ తాతముత్తాతలు వదిలొచ్చిన ఇరాన్ వైపు నేలదారినే తొక్కారు. అస్త్రం లేదు, సైన్యం లేదు. ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తం భూంగరా, కేకీ పోచ్‌ఖానావాలా, గుస్తాద్ హాథీరాం, నరీమాన్ కపాడియా. టెహరాన్ నుంచి కపాడియా వెనక్కొచ్చేశాడు. మిగిలినవాళ్లు బాగ్దాదు దాటి ఎడారిలో పడి, ఈజిప్టు చూసి, ఓడెక్కి యూరప్ చేరి, అక్కడినుంచి అమెరికా పోయారు. హాథీరాం అమెరికాలో ఉండిపోయాడు, పోచ్‌ఖానావాలా ఇంటికొచ్చేశాడు. ముగ్గురే జపాన్, కొరియా, చైనా, సయాం, బర్మా మీదుగా 1928 మార్చి 18న బొంబాయి చేరారు. సుమారు 71 వేల కిలోమీటర్లు. 1931లో పుస్తకం వేస్తే నెహ్రూ ముందుమాట రాశాడు. కలకత్తా నుంచి 1926లో ముగ్గురు మిత్రులతో బయలుదేరిన బిమల్ ముఖర్జీ 1937లో గాని ఇల్లు చేరలేదు. తోటివాళ్లు మధ్యలోనే విడిపోయారు. ఇలాంటి యాత్రల్లో స్నేహితులు ఎక్కడ విడిపోయారు, ఎందుకు, ఎవరి టైరు ఎక్కడ పేలింది అన్నదే కావ్యం. తక్కినది మైలురాళ్లు.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారు సైకిలు పుట్టకముందువాడు, ఎక్కింది పల్లకీ. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట నూరుమంది దాకా పరివారం. ఆడంబరానికి అవకాశమంతా ఉంది. ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిస్తే ఏ ఊరు ఎంత దూరం, అక్కడ నీళ్లు మంచివా కావా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, దారిలో రాళ్లా ఇసకా అన్నది కనిపిస్తుంది. వెనక వచ్చేవాడికి పనికొచ్చే ముక్క లేకుండా ఒక్క మజిలీ దాటడు. అందుకే ఆ పుస్తకం నిలిచింది. శ్రీనాథుడంతటి విలాసపురుషుడు కూడా పల్నాడొచ్చి జొన్నకూటి మీదా నీళ్ల కరువు మీదా చాటువులు విసిరాడంటారు. తిట్టినా సరే, తిన్నదీ తాగినదీ చెప్పాడు.

సరే, ప్రకృతం.

“స్వగ్రామమునకు విచ్చేయుచున్న”: దేని మీద? ఇది ఈ గ్రంథానికి కీలకమైన ప్రశ్న. పిడుగురాళ్లలో రైలు దిగి, గోనెపట్టాలు విప్పి, చైనుకి నూనె పెట్టుకుని, ఊరికి తొక్కుకుంటూ రావాలని నలుగురూ అనుకున్నారు. స్టేషను బయట జీపు సిద్ధంగా ఉంది. దండలు వేసి నలుగుర్నీ పైకెక్కించారు. సైకిళ్లని వెనక ట్రాలీఆటోలో పడేశారు. ముందు మోటారుసైకిళ్లు, వెనక కార్లు, మధ్యలో డప్పులు. సైకిల్ యాత్ర చేసినవాళ్లని సైకిల్ దించి ఊరేగించడమే సైకిలుకి జరిగిన సత్కారం. ఆ ఊరేగింపు రోడ్డంతా ఆక్రమించి వస్తుంటే, బడినుంచి ఇంటికి పోతున్న ఆడపిల్లలు ఇద్దరు సైకిళ్లు దిగి, కంపచెట్ల పక్కన గుంటలోకి దింపి, పుస్తకాల సంచుల్తో నిలబడ్డారు. పర్యావరణ పరిరక్షణ డీజిలు పొగతో వాళ్ల ముందునుంచే సాగిపోయింది.

“ముద్దుబిడ్డలకును”: ఫ్లెక్సీ అడుగున నాలుగు ఫొటోలు, పోస్టు బిళ్లలంత. పేరు లేని ముఖాల్లో మావాడెవడో గుర్తుపట్టడానికి వాళ్లమ్మ నిచ్చెన అడిగింది.

“ప్రియతమ నాయకునకును”: ఫొటో నిలువెత్తు, చెయ్యి ఊపుతున్న భంగిమ. పర్వతం మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించాలని తర్కశాస్త్రం. ఫ్లెక్సీ కనిపిస్తే నాయకుడున్నాడని ఊహించాలి. ఈ వ్యాప్తికి కూడా అపవాదం ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. ‘వెన్నుదన్ను’ ఏ రూపంలో ఇచ్చారని మావాణ్ణడిగాను. “బయలుదేరేటప్పుడు జాగ్రత్త అన్నాడు బాబాయ్.”

అలంకారం అతిశయోక్తి అనుకునేవాళ్లున్నారు. కాదు, ఇది ధ్వని. చెప్పిన అర్థం వెనక్కి తగ్గి, చెప్పని అర్థం ప్రధానమై వెలిగితే అది ధ్వనికావ్యమన్నాడు ఆనందవర్ధనుడు. ఇక్కడ వాచ్యం సైకిళ్లు, వ్యంగ్యం రాబోయే ఎన్నికలు. సహృదయులైన మా ఊరివాళ్లకి అది చదవకుండానే అందింది.

తాత్పర్యం: నలుగురు కుర్రాళ్లు సైకిలెక్కి కొత్త చోట్లు చూసొచ్చారు.

ఫలశ్రుతి: దీన్ని చదివినవారికి, విన్నవారికి ఏ ఫలమూ లేదు. దించినవారికి మాత్రం ఉంది. మిర్చి కల్లం మీద వానకి కప్పడానికి ఇరవై అడుగుల పట్టా ఊరికే దొరకదు. ఇద్దరు రైతులు ముందే చెప్పుంచారు. టీకొట్టాయన మాత్రం ఇన్నాళ్లూ దారి చెప్పినందుకు అది తనకే చెందాలంటున్నాడు. పంచాయితీ ఇంకా తెగలేదు.