గుడివాడ సంఖ్య

బందరులో బెజవాడ బండెక్కితే ఇలాంటి మాస్టారొకరు తగలకుండా ఉండరు. రిటైరైన లెక్కల మాస్టారు. చంకలో పాత క్యాలెండర్ కాగితాల బొత్తి, జేబులో రెండు పెన్నులు. మీ పేరు అడగరు, ఫోన్ నంబరు అడుగుతారు. ఫోన్ చేయడానికి కాదు, వెనక నుంచి చదవడానికి.

ఎటు చదివినా ఒకేలా ఉండే సంఖ్య కనబడితే ఆయనకి కాఫీ కూడా అక్కర్లేదు. అంకెలు నాలుగో ఆరో ఎనిమిదో, సరిగ్గా జతలుగా ఉంటే మరీనూ. అలాంటిది ఎంత పెద్దదైనా పదకొండుతో శేషం లేకుండా పోతుంది. "బేసి స్థానాలు ఓ పక్క కలుపు, సరి స్థానాలు ఓ పక్క కలుపు. రెండూ సమానం. ఇంకెక్కడికి పోతుందోయ్!"

ఈ శాస్త్రం వల్లే గుడివాడలో ఓ పాత స్నేహం చెడింది. ఆ మిత్రుడు వేలంలో పోటీపడి కొత్త కారుకి 9999 తెచ్చుకున్నాడు. కూడితే తొమ్మిదొస్తుందని మురిసిపోతున్నాడు. మాస్టారు కారు చుట్టూ ఓసారి తిరిగి, "పదకొండుతో పోతుంది. 909. అదీ తిరగేస్తే అంతే" అన్నారు. కొబ్బరికాయ కొట్టిన కారు ముందు నిలబడి 'పోతుంది' అంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఇంట్లోనూ ఇదే వరస. కూతురి పెళ్లి 22-02-2022న చేసి తీరాలన్నారు. "22022022! పదకొండుతో భాగిస్తే 2002002. చూశావుటే?"

"చూశానండీ. మంగళవారం" అందావిడ.

ఆయన ఇలవేల్పు కాప్రేకర్. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. 1, 11, 111 వర్గాలైన 1, 121, 12321 వరసకి బొంబాయి దగ్గరి డెమ్లో స్టేషన్ పేరు పెట్టిన మహానుభావుడు. వరసలో తొమ్మిదోదాన్ని మాస్టారు గుక్క తిప్పుకోకుండా చదువుతారు: 12345678987654321. "ఎక్కి దిగాం చూడు! దివిసీమలో పుట్టినవాడికి కొండంటే ఇదేనోయ్." పదో ఒకటి చేరిస్తే చేతిలో ఒకటి మిగిలి కొండ కూలుతుంది: 1234567900987654321. ఇది మాత్రం గొంతు తగ్గించి చెబుతారు.

డెమ్లోకి దక్కిన భాగ్యం గుడివాడకెందుకు దక్కకూడదు? అందుకే 196 మీద పడ్డారు. సంఖ్యని తిరగేసి దానికే కలపాలి, రెండువైపులా ఒకేలా వచ్చేదాకా కలుపుతూ పోవాలి. 89 మొండిదే, అయినా 24 సార్లు కలిపితే 8813200023188 అయి లొంగింది. 196ని కంప్యూటర్లు కోట్ల అంకెల దాకా లాగినా లొంగలేదు. ఎన్నటికీ లొంగదన్న రుజువూ లేదు. ఆ రుజువు లేకపోవడమే మాస్టారి ఆయుష్షు. లొంగిననాడు వచ్చేది 'గుడివాడ సంఖ్య'.

బందరులో మొదలెడతారు. 887, 1675, 7436, 13783... కౌతవరం దాటేసరికి కాగితం చాలక అడ్డంగా తిప్పుతారు.

"మాస్టారూ, గుడివాడొచ్చింది. దిగరూ?"

"ఆగవోయ్, చేతిలో ఒకటుంది!"

బండి ఆగదుగా.